ఇద్దరం ఒకే రోజు చేయించుకున్నాం

ఇప్పుడు నా కుడి కంటికి నొప్పి లేదు. ఎరుపు పోయింది. నల్లగుడ్డు మీద మిగిలిన తెల్లటి మచ్చ బాగా దగ్గరికి వచ్చి చూస్తే తప్ప కనపడదు. అందుకే ఎమ్మిగనూరులో మా వీధివాళ్ళు నన్ను చూసినప్పుడల్లా, బాగైపోయింది గదా రేణుకా అంటారు. నేనూ బాగైపోయిందనే అంటాను. ఏం బాగైందో, ఏం కాలేదో ప్రతిసారీ చెప్పుకునే ఓపిక ఉండదు. ఒకసారి కూర్చుని రాసిపెడితే నాలాగా కళ్ళద్దాలు వదిలించుకోవాలని ఆశపడే పిల్లలకు పనికొస్తుందేమో, నాకూ మనసు కొంచెం కుదుటపడుతుందేమో అని ఇది రాస్తున్నాను.

మా ఊరి జాతరకు ముందు

మా ఇంట్లో ఇద్దరం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, భారతి నా తర్వాతిది. నాయన మగ్గం నేస్తాడు, అమ్మ నూలు కండెలు చుడుతుంది. మా ఇద్దరికీ బడికి పోయే వయసులోనే సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. అవి తీస్తే ఎదురుగా వస్తున్నది మనిషో గేదెనో తెలిసేది కాదు. పెళ్ళిళ్ళలో ఫోటో తీసేటప్పుడు అద్దాలు తీసి నిలబడి, ఫోటోగ్రాఫరు ఎటువైపు ఉన్నాడో తెలియక ఇద్దరం చెరోవైపు చూసేవాళ్ళం. అలాంటి ఫోటోలు మా ఇంట్లో చాలా ఉన్నాయి.

డిగ్రీ అయ్యాక ఇద్దరం కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాం. పరుగు నేర్చుకోవడానికి ఆదోనిలో మా అత్త నరసమ్మ ఇంట్లో ఉన్నాం. ఆమె నాయనకు అక్క. పిల్లలు లేరు. మామ పత్తి మిల్లులో పనిచేస్తూ ఉండేవాడు, చనిపోయి చాలా ఏళ్ళయింది. మిల్లుల వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. పత్తి కాలం వచ్చిందంటే ఆ వీధిలో గడపల మీద, దండెం మీద ఆరేసిన బట్టల మీద దూది పింజలు వాలుతుంటాయి. మేం మైదానం నుంచి వచ్చేసరికి అత్త జొన్నరొట్టెలు, శనక్కాయల కారం సిద్ధంగా పెట్టేది. మేం పరుగెత్తుతున్నామని ఆ వీధిలో అందరికంటే ఎక్కువ గొప్పగా చెప్పుకున్నది ఆమే.

పరుగు పరీక్ష ఇద్దరం నెగ్గాం. రాతపరీక్ష మిగిలింది, దాని తర్వాత కళ్ళ పరీక్ష. అద్దాలు లేకుండా అక్షరాలు చదవాలి. లేజర్ చేయించుకున్నవాళ్ళనూ తీసుకుంటారని విచారించి తెలుసుకున్నాం. కర్నూలులో ఒక కంటి డాక్టరు మా ఇద్దరినీ పరీక్షించి, కంటి ముందుండే పారదర్శకమైన పొర మా ఇద్దరికీ పలచగా ఉందని, పొరను కోసి తెరిచే పద్ధతి పనికిరాదని చెప్పాడు. పైపైన ఉండే పొరను తొలగించి లేజర్ చేస్తారు. ఆ పైపొర మళ్ళీ దానంతటదే పెరుగుతుంది. అది పెరిగేదాకా కట్టులాగా ఒక లెన్స్ పెడతారు. నొప్పి ఉంటుందన్నాడు. చూపు తేటపడటానికి వారాలు పడుతుందన్నాడు. ఏ నూటికో కోటికో ఒకరికి చీము పట్టడం, మచ్చ మిగలడం కూడా ఉండొచ్చన్నాడు. ఆయన ఏదీ దాచలేదు. వినేటప్పుడు ఆ ఒకరు ఎవరో వేరేవాళ్ళు అనిపించింది, అంతే.

నాయన మాత్రం కండ్లతో ఆటలొద్దు పాపా అన్నాడు. అమ్మ ఆయనను ఒప్పించింది.

జాతర అయిన వారం

ఆసుపత్రిలో మా ఇద్దరికీ ఆకుపచ్చ గౌన్లు తొడిగి, తలకు టోపీలు పెట్టి ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. భారతి లోపలి తలుపు వైపు చూసి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ముందు నేను పోతానని లేచాను. లోపల జరిగింది కొద్దిసేపే. కంటికి ఎదురుగా పైన ఎర్రటి చుక్క ఒకటి, టకటకమని చప్పుడు, వెంట్రుకలు కాలినట్టు వాసన. బయటికి వచ్చి, ఏమీ లేదు పోయిరా అని భారతికి చెప్పాను. అది నవ్వుతూ లోపలికి పోయింది.

ఇంట్లో మగ్గం, నూలు దుమ్ము ఉంటాయని నాయన మమ్మల్ని తిన్నగా ఆదోనికి, అత్త ఇంటికి తీసుకుపోయాడు. అత్త ముందురోజే లోపలి గది కడిగి, కిటికీకి దుప్పటి కట్టి, కొత్త దిండు గలేబులు వేసి ఉంచింది. ఆ గదిలో ఇద్దరం నల్లద్దాలు పెట్టుకుని పక్కపక్కన పడుకున్నాం. మత్తు దిగాక నొప్పి మొదలైంది. కళ్ళలో కారం కొట్టి మూసేసినట్టు మంట. నీళ్ళు ధారలుగా కారేవి. భారతి నా చెయ్యి పట్టుకుని, ఉద్యోగమొస్తే మొదటి జీతంతో ఏం కొంటావక్కా అని అడిగేది. నేనేం చెప్పినా నవ్వేది. నొప్పిలోనూ ఆ గదిలో సంతోషంగా ఉన్నామంటే ఎవరైనా నమ్ముతారో లేదో.

రెండుమూడు రోజులకు ఇద్దరికీ మంట తగ్గుముఖం పట్టింది. భారతి లేచి తలుపు సందులోంచి వీధిలోకి చూసి, అవతలి గోడ మీది సినిమా పోస్టరు అక్షరాలు చదివింది. నేనూ లేవబోయాను. కుడి కన్ను మళ్ళీ సలపడం మొదలుపెట్టింది. మొదటిరోజు నొప్పిలా లేదు. లోతుగా, కణత దాకా గుంజుతోంది. నొప్పి మామూలేనని ముందే చెప్పారు కదా, నాది కొంచెం ఆలస్యంగా మానుతోందేమో అనుకున్నాం. అత్త నా నుదురు పట్టి చూసి, "ఇది మానే నొప్పి మాదిరి లేదు. పోదాం పాండి" అని నాయనకు ఫోన్ చేసింది. కర్నూలు పోయేసరికి మరుసటిరోజు మధ్యాహ్నమైంది.

డాక్టరు నా కన్ను దీపం వేసి చూశాడు. అంతవరకూ భారతితో సరదాగా మాట్లాడుతున్న మనిషి దీపం ఇంకా దగ్గరికి జరిపి మళ్ళీ చూశాడు. నేను రెండో కంటితో ఆయన ముఖం చూస్తున్నాను. ఆ ముఖంలోనే నాకు తెలిసిపోయింది. నల్లగుడ్డు నడుమ తెల్లచుక్క ఉందని, చీము పట్టిందని, ఆలస్యం చేయకుండా హైదరాబాదు పొమ్మని చెప్పాడు. తనే అక్కడికి ఫోన్ చేసి, మేం బయలుదేరేదాకా మా పక్కనే నిలబడ్డాడు. పక్క కుర్చీలో భారతి తన రెండు కళ్ళనూ చేతులతో మూసుకుని ఏడ్చింది. కళ్ళు నలపొద్దని నర్సు దాని చేతులు పట్టుకుని తీయించింది.

హైదరాబాదు

అక్కడ గంటగంటకూ చుక్కల మందులు వేశారు. నాతో నాయన ఉన్నాడు. ఆయన మగ్గం వదిలి అన్నాళ్ళు ఎక్కడా ఉండలేదు. సీసాల మీద అక్షరాలు ఆయనకు ఆనవు. అందుకని తువ్వాలు అంచులోంచి పోగులు పీకి ఒకదాని మెడకు ఎర్రది, ఒకదానికి తెల్లది, ఇంకోదానికి రెండూ కలిపి కట్టాడు. ఒక్కసారి కూడా తప్పు మందు వేయలేదు. చుక్క పడినప్పుడల్లా నేను పళ్ళు బిగించేదాన్ని. ఆయన చెయ్యి నా గడ్డం కింద ఉండేది.

డాక్టర్ల కోసం కూర్చునే వరండాలో మా వైపు పెద్దకడుబూరు నుంచి వచ్చిన ఒకామె పరిచయమైంది. పేరు ఈరమ్మ. పత్తికట్టె గుచ్చుకుని వాళ్ళాయన కన్ను పోయింది. మా యాస విని తనే వచ్చి పక్కన కూర్చుంది. ఊరి నుంచి తెచ్చుకున్న ఎండిన రొట్టెలు మాకూ పెట్టింది. ఒకరోజు నేను ఏడుస్తుంటే ఓదార్చలేదు. "ఇంకో కన్నుంది గదా అని ఎవురన్నా అంటే కొట్టాలనిపిస్తాది గదా?" అంది. అవునన్నాను. "నాకూ అంతే. ఆయనకు ఇంగా ఎక్కువ" అంది. ఆ వరండాలో నాకు దొరికిన మంచిమాట అదొక్కటే.

కన్ను నిలిచింది. చీము తగ్గింది. కానీ నడుమ మచ్చ మిగిలిపోయింది. డాక్టరమ్మ నా ఎడమ కన్ను మూసి, ఒక కాగితం కుడి కంటి ముందు పట్టి, ఏం కనపడుతోందని అడిగింది. తెల్లగా ఉందన్నాను. ఆ కాగితం మీద పెద్దపెద్ద అక్షరాలున్నాయని నాయన ముఖం చూసి అర్థమైంది. మచ్చ కాలంతోపాటు కొంత పలచబడొచ్చు, పడకపోవచ్చు, పడకపోతే తర్వాత ఎప్పుడైనా పొర మార్పిడి గురించి ఆలోచిద్దాం, ఇప్పుడు తొందరపడొద్దు అంది. ఎందుకిలా అయిందని అడిగాను. ఏ ఒక్క కారణమూ చెప్పలేమంది. నిజం చెప్పిందని తెలుసు. అయినా కారణం లేని దెబ్బను ఒప్పుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

అమ్మ ఒప్పుకోలేకపోయింది. నేనింకా హైదరాబాదులో ఉండగానే ఆదోనికి పోయి అత్తతో, నీ వీధి దూదే నా బిడ్డ కంట్లో పడింది అని అందట. ఆ తర్వాత అత్త మా గడప తొక్కలేదు.

ఎండాకాలం

ఇంటికి వచ్చాక వెలుతురు చూస్తే భయమేసేది. ఎమ్మిగనూరు ఎండలో వాకిట నిలబడితే రెండు కళ్ళూ కారేవి. ఎడమ కన్ను మానింది కానీ అది కూడా మునుపటిలా లేదు. సాయంత్రం వీధి దీపం చుట్టూ పెద్ద వలయం కనపడేది. తడారిపోయి ఇసుక పడ్డట్టు ఉండేది.

ఇంకొకటి పోయింది, అది పోతుందని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉన్నా పట్టించుకునేదాన్ని కాదు. నాకు దూరం కనపడకపోయినా దగ్గర చూపు చాలా సూటిగా ఉండేది. పడుగు పోగు తెగినప్పుడు అద్దాలు తీసి ముఖం మగ్గానికి ఆనించి అతికేదాన్ని. వెంట్రుక కంటే సన్నటి పోగు కూడా నాకు తాడులా కనపడేది. నాయన చూపు మందగించాక ఆ పని పూర్తిగా నాదే. వచ్చిన కొన్నాళ్ళకు పోగు తెగితే అలవాటుగా పోయి మగ్గం ముందు వంగాను. పోగులన్నీ కలిసి ఒక మసక బట్టలా ఉన్నాయి. ముఖం ఎంత దగ్గరికి పెడితే అంత అలుక్కుపోయాయి. దూరం కనపడేలా సరిచేసిన ఎడమ కంటికి ఆ అతిదగ్గర చూపు ఇక లేదు. నాయన చూసి, "లెయ్ పాపా, నేను సూసుకుంటాలే" అన్నాడు. ఆ తెగిన పోగు అతకడానికి ఆయన వెలుతురులోకి, నీడలోకి తల తిప్పుకుంటూ ఎంతసేపు తంటాలు పడ్డాడో పక్క గదిలో కూర్చుని విన్నాను. మగ్గం చప్పుడు మళ్ళీ మొదలయ్యేదాకా అక్కడినుంచి లేవలేదు.

భారతికి చూపు అద్దంలా తేటపడింది. మొదట్లో ఆపుకోలేక చెప్పేది. వేపచెట్టు ఆకులు ఒక్కొక్కటీ వేరువేరుగా కనపడుతున్నాయని, నక్షత్రాలు అన్ని ఉంటాయని తెలియదని. తర్వాత ఒకరోజు ఏదో చెప్పబోయి నన్ను చూసి ఆపేసింది. ఆరోజు నుంచి నా ముందు ఏదీ చూడనట్టే ఉండేది. అది నాకు ఇంకా బాధగా ఉండేది.

రాతపరీక్ష ఒంటి కంటి చూపుతో రాశాను. మధ్యమధ్యలో కళ్ళలో చుక్కలు వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని, మళ్ళీ రాశాను. ఇద్దరమూ నెగ్గాం. కళ్ళ పరీక్షకు కూడా పోయాను. పోవద్దని ఇంట్లో ఎవరూ అనలేకపోయారు. ఏమో, ఏదైనా జరుగుతుందేమో అని నాలోనూ ఒక మూల ఉండేది.

వరుసలో నా వెనక భారతి. ఎడమ కన్ను మూసి చదవమన్నారు. గోడ మీద వెలుగుతున్న పలక ఒకటి ఉందని మాత్రం తెలుస్తోంది. చదవలేకపోయాను. పరీక్ష చేసే పెద్దాయన విసుక్కోలేదు. నిదానంగా చూడమ్మా, తొందరేం లేదు అన్నాడు. వెనక అంతమంది ఉన్నా నాకోసం ఆగాడు. ఆయన అలా ఆగకుండా ఉంటే త్వరగా బయటపడేదాన్ని. చివరికి నేనే చెయ్యి దించి, కనపడదు సార్ అన్నాను. పక్కకు వచ్చి నిలబడ్డాను. తర్వాత భారతి గొంతు వినిపించింది. పైనుంచి కింది వరుస దాకా ఒక్కో అక్షరం చదువుతోంది, చిన్నగా, నాకు వినపడకూడదన్నట్టు.

వానలు పడ్డాక

భారతికి శిక్షణకు రమ్మని కబురు వచ్చిన రోజు మా ఇంట్లో వంట కూడా సరిగా చేయలేదు. అమ్మానాయనలు వెనక పెరట్లో గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. అమ్మ నవ్వు వినపడింది. నేను నీళ్ళకోసం అటు పోయేసరికి ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు. అమ్మ చేతిలోకి చీపురు తీసుకుని ఊడ్చిన చోటే ఊడ్చింది. నా కన్ను పోయినందుకు ఏడ్చిన ఏడుపు ఒక ఎత్తు, ఆరోజు ఏడ్చింది ఒక ఎత్తు. నావల్ల నా ఇంటివాళ్ళు సంతోషాన్ని దొంగతనంలా దాచుకోవలసి వచ్చింది.

భారతి పోనని మొండికేసింది. సర్దిన పెట్టె విప్పేసింది.

"నువ్వు ముందర పోయినావు గాబట్టి నేను పోయినా. నేను భయపడకుంటే నేనే ముందర పోతాంటినేమో. నాకయ్యుండేదేమో" అంది.

"ముందరెనకల్తో వచ్చేది కాదే అది."

"అయినా నేను పోను. నీ ముందర ఆ డ్రెస్సు ఏసుకోని ఎట్ల నిలబడాల?"

నాకు కోపం వచ్చింది. అసూయ కూడా ఉంది, లేదని అబద్ధం రాయను. "నువ్వు పోకుంటే ఇద్దరి కండ్లూ పోయినట్లే. నాది ఒకటే పోయింది, అట్లనే ఉండనీ" అన్నాను. అది చాలాసేపు నా ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది. తెల్లారి పెట్టె మళ్ళీ నేనే సర్దాను.

అది పోయాక ఒకరోజు అమ్మకు చెప్పకుండా ఆదోని బస్సెక్కాను. అత్త తలుపు తీసి, నన్ను చూసి లోపలికి పోయి రొట్టెలకు పిండి తీసింది. మేం పడుకున్న గది కిటికీకి దుప్పటి ఇంకా అలాగే ఉంది. నేను పొయ్యి పక్కన కూర్చుని, అమ్మ మాటలు మనసులో పెట్టుకోవద్దన్నాను. పిండి పిసుకుతూనే చెప్పింది. "మీయమ్మ అనకముందే నేను అనుకున్యా పాపా. గడపమీద దూది కనపడినప్పుడల్లా అనుకుంటాండా. మీయమ్మ ఒకసారి అనింది. నేను దినామూ అనుకుంటాండా."

దూది వల్ల కాదత్తా, డాక్టరమ్మే చెప్పింది అన్నాను. డాక్టరమ్మ అలా చెప్పలేదు, తెలియదనే చెప్పింది. ఆ ఒక్క అబద్ధం మాత్రం ఎన్నిసార్లైనా చెబుతాను. సాయంత్రం ఆమెను బస్సులో మా ఇంటికి వెంటబెట్టుకు వచ్చాను. అమ్మ ఆమె చేతి సంచి అందుకుని లోపల పెట్టింది.

మరుసటి ఏడాది

ఇప్పుడు నాకు సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పే పని ఉంది. లేజర్ చేయించుకోవచ్చా అని అడగడానికి అప్పుడప్పుడు ఎవరో ఒకరు వస్తారు. వద్దని చెప్పను, నా చెల్లెలు ఉంది కదా. మీ కంటి పొర ఎంత ఉందో, మీకు ఏ పద్ధతి ఎందుకు చెబుతున్నారో, తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ముందే అడిగి తెలుసుకోండి అంటాను. తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగితే, కన్ను ఎర్రబడితే, చూపు మసకేస్తే, మామూలేలే అనుకుని ఒక్క పూట కూడా ఆగొద్దంటాను. ఎవరికో అవుతుందన్న మాటలో ఆ ఎవరో మీరు కూడా కావచ్చని ఒకసారి మనసులో అనుకుని, అప్పటికీ కావాలనిపిస్తే పొమ్మంటాను.

భారతి శిక్షణ ముగింపు కవాతుకు తల్లిదండ్రులను పిలిచారు. నాయన మగ్గం మీద పని ఉందని, అమ్మ మోకాళ్ళ నొప్పులని సాకులు చెప్పారు. నాకోసమేనని తెలుసు. ముగ్గురికీ టిక్కెట్లు తీశాను.

మైదానం పెద్దది. ఎండ గట్టిగా ఉంది. షామియానా కింద చివరి కుర్చీలు దొరికాయి. దూరంగా ఖాకీ బట్టల్లో అమ్మాయిలు వరుసలు వరుసలుగా, అందరూ ఒకే ఎత్తు, ఒకే నడక. నా ఎడమ కన్ను ఆ వెలుతురుకు కారుతూనే ఉంది. అమ్మ కళ్ళనిండా నీళ్ళు. నాయనకు దూరం ఆనదు.

"యాడుంది పాపా మన భారతి?" అని నాయన అడిగాడు.

కళ్ళు తుడుచుకుని వెతికాను. ఒక్క ముఖమూ తెలియలేదు. ఆయన ఆత్రం ఆపుకోలేక మళ్ళీ అడిగాడు. కనపడటం లేదని ఆరోజు ఆయనతో చెప్పలేకపోయాను. అవతలి వరుస కొసలో చేతులు బలంగా ఊపుతూ నడుస్తున్న ఒక అమ్మాయి వైపు వేలు చూపించి, అదో, ఆ కొసకుండేది అన్నాను.

కవాతు అయ్యేదాకా ముగ్గురం ఆ అమ్మాయినే చూశాం. నాయన లేచి నిలబడ్డాడు. అమ్మ ఆ అమ్మాయికి దూరం నుంచే దిష్టి తీసి మెటికలు విరిచింది.

అంతా అయిపోయాక భారతి మైదానం ఇవతలి వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖమంతా చెమట. అమ్మను పట్టుకుని, "మొదటి వరసలోనే ఉన్న్యా. మీ ముందర్నుంచే పోయినా గదా, నన్ను సూసినారా?" అని అడిగింది.

నాయన ఒక్క క్షణం నావైపు తిరిగాడు. నేను తల దించుకున్నాను.

"సూడకుండా ఎట్ల పాపా" అన్నాడు ఆయన. "నీ మీంచి కన్ను తీయలేదు."